బయానా యిచ్చిన యిల్లు

బందరులోనో గుడివాడలోనో ఒకడు ఒక వృద్ధురాలి పెంకుటింటికి బయానా మాత్రమే యిచ్చి, పెంకులు మార్పించి, సున్నము కొట్టించి, రిజిస్ట్రేషనుకు ముందే ఎక్కువ ధరకు మారుబేరము పెట్టెననుకొనుడి. ఆ యిల్లు అతనిదా? 1882 ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను ప్రకారము, అగ్రిమెంటు మాత్రమున ఇంటిపై హక్కు కలుగదు. 2001 సవరణ తరువాత, రిజిస్టరు కాని అగ్రిమెంటుతో ఇంట ప్రవేశించినవానికి 53-ఏ సెక్షను రక్షణయు దొరకదు. ఆమె మనస్సు మార్చుకొనినయెడల అతని ఖర్చు కోర్టు పాలగును.

యిర్మీయా 32వ అధ్యాయము చదువుడి. అనాతోతు పొలమునకు ప్రవక్త 17 తులముల వెండి తూచి యిచ్చెను, సాక్షులను పిలిచెను, ముద్రవేసిన క్రయపత్రముతోపాటు, ముద్రలేని ప్రతిని కూడ ఉంచెను.

కావున మరమ్మతుకు ముందే అగ్రిమెంటు రిజిస్టరు చేయించుడి. మారుబేరపు సంగతి ఆమెకు చెప్పుడి. హక్కు ఇంకను ఆమెదేయని కొనువానికి చెప్పుడి. మీ శ్రమకు లాభము న్యాయమే. ఆమె తెలియనితనముపై లాభము అన్యాయము.