మందు కన్నా గడ్డిని నమ్మండి

1. వయ్యారిభామ కలుపును గొర్రెలు అంతగా ముట్టవు. దాని చుట్టూ ఉన్న గడ్డిని మాత్రం మొదలంటా కొరికేస్తాయి. వయ్యారిభామకు పోటీ లేకుండా చేస్తున్నది మన గొర్రెలే. మేత మితిమీరిన ఊరి పోరంబోకుల్లో అది విరగబూసేది అందుకే.

2. మొలిచిన నెల రోజులకే పూత, ఒక్కో మొక్కకు వేల గింజలు. పీకేదేదో పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడే పీకండి. చేతులకు తొడుగులు మరవకండి, ఆ దురద మామూలుది కాదు.

3. మందు కొట్టడం వల్ల కలుపు మొండిది కాదు. లక్షల్లో ఎక్కడో ఒక మొండి మొక్క ముందే ఉంటుంది. మందు మిగతావాటిని చంపి, దానికి చోటిస్తుంది. హర్యానా గోధుమ రైతులు ఏళ్ల తరబడి ఐసోప్రోట్యూరాన్ ఒక్కటే కొట్టారు. 1990ల మొదటికల్లా గుల్లీ దండా కలుపు దానికి లొంగడం మానేసింది. గోధుమ ఆ మందును తన ఒంట్లో ఎలా విరిచేసుకుంటుందో, ఆ కలుపూ అలాగే విరిచేసింది! అది పొలం, మనది బీడు అనుకోకండి. కొలంబియా పండ్లతోటల్లో వయ్యారిభామే గ్లైఫోసేట్‌ను తట్టుకుంది.

4. అందుకే ఒకే మందు పట్టుకుని ఉండకండి. అయితే డబ్బా మీద పేరు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు. లోపలి రసాయనం ఏ వర్గానిదో అడిగి తెలుసుకోండి.

5. మొండితనానికి ఒక్కోసారి మూల్యం ఉంటుంది. 1968లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒక నర్సరీలో అట్రజిన్ జాతి మందులకు చావని కలుపు బయటపడింది. మందును తప్పించుకునే ఆ మార్పే ఆకులో ఆహార తయారీని మందగింపజేస్తుంది. మందు లేని చోట, మామూలు మొక్కల పక్కన, అలాంటిది వెనకబడుతుంది. అన్ని రకాల మొండితనానికీ ఈ లోపం ఉండదు. ఉన్నచోట కూడా అది బయటపడాలంటే పక్కన దట్టంగా పోటీ ఉండాలి. ఖాళీ నేల మీద బలహీనమైనదీ బతికేస్తుంది.

6. మేత బీడులో గ్లైఫోసేట్ కొట్టకండి. గడ్డి కూడా చచ్చి నేల బోడి అవుతుంది, మళ్లీ ముందుగా మొలిచేది వయ్యారిభామే. మందు తప్పదనుకుంటే గడ్డిని వదిలేదాన్ని, వ్యవసాయాధికారిని అడిగి, కలుపు ఉన్న మేరకే వాడండి.

7. తొలకరికి బీడులో కొంత భాగాన్ని కంచె వేసి మేపకుండా వదలండి. అంజన్ గడ్డి, స్టైలో విత్తనం చల్లండి. గట్ల మీద తగిరిస, వెంపలి మొలిస్తే పీకకండి, అవి వయ్యారిభామను అణిచేస్తాయి. వానల్లో దాని ఆకులు తినే మెక్సికన్ పెంకుపురుగు కనిపిస్తే అక్కడ ఏ మందూ కొట్టకండి. ఆ పురుగును 1984లో బెంగళూరులో వదిలింది వయ్యారిభామను తినడానికే.