సెలైన్ చుక్కల వెనుక బీజగణితం

సెలైన్ పెట్టాక నర్సు గొట్టం మీది చిన్న రోలర్‌ను సర్దుతూ, గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెడతారు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? రోగిని బట్టి ద్రవం పరిమాణం, ఎక్కించాల్సిన సమయం మారతాయి. గొట్టం రకమూ మారవచ్చు. అయినా ప్రతిసారీ కొత్త సూత్రం అక్కర్లేదు, ఒకే బీజీయ సమాసం చాలు. దాన్ని ఎలా రాయాలో, దాని విలువ ఎలా కనుక్కోవాలో చూద్దాం.

ముందుగా మారే రాశులకు పేర్లు పెట్టాలి. వీటినే చరరాశులు అంటాం. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ‘బీజగణితం’ గ్రంథంలో తెలియని రాశులను యావత్తావత్, కాలకం (నలుపు), నీలకం (నీలం) వంటి పేర్లతో పిలిచాడు. వాటి మొదటి అక్షరాలైన యా, కా, నీ గుర్తులయ్యాయి. మనమూ అదే పద్ధతి పాటిద్దాం.

ప = ద్రవం పరిమాణం, మిల్లీలీటర్లలో
చ = ఆ గొట్టంలో ఒక మిల్లీలీటరుకు పడే చుక్కలు
గ = సమయం, గంటల్లో

మొత్తం చుక్కలు ప × చ. మొత్తం నిమిషాలు 60 × గ. ఇక్కడ 60 ఎప్పుడూ మారదు కాబట్టి అది స్థిరరాశి. నిమిషానికి పడాల్సిన చుక్కలు:

ప × చ ÷ (60 × గ)

500 మి.లీ. సెలైన్‌ను 4 గంటల్లో ఎక్కించాలి. మి.లీ.కి 20 చుక్కలు పడే గొట్టం వాడుతున్నారు. విలువలు ప్రతిక్షేపిస్తే 10,000 ÷ 240 = 41.67. అంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు.

కుండలీకరణం మరిచిపోతే? భాగహారం, గుణకారం ఎడమ నుంచి కుడికి వరుసగా జరుగుతాయి. 10,000 ÷ 60 × 4 చేస్తే సుమారు 667 వస్తుంది. సెకనుకు 11 చుక్కలు! తప్పని వెంటనే తెలిసిపోతుంది.

కానీ అన్ని తప్పులూ అలా బయటపడవు. 100 మి.లీ. మందును అరగంటలో ఎక్కించాలనుకోండి. గ = 0.5. సరైన జవాబు 2,000 ÷ 30, అంటే సుమారు 67. కుండలీకరణం లేకుండా చేస్తే సుమారు 17. చూడటానికి ఇది మామూలు సంఖ్యే. కానీ ఆ వేగంతో అరగంటలో వెళ్లాల్సిన మందుకు దాదాపు 2 గంటలు పడుతుంది. ఇక గ = 1 అయితే రెండు పద్ధతుల్లోనూ ఒకే జవాబు వస్తుంది. అందుకే ఒక్క విలువతో, అందులోనూ 1తో, సరిచూసి సమాసం సరైనదని నమ్మకూడదు.

ప్రమాణాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గ అంటే గంటలు అనుకున్నాం కాబట్టి అరగంటకు 0.5 రాయాలి, 30 కాదు.

పిల్లలకు ఎక్కువగా వాడే మైక్రో డ్రిప్ సెట్‌లో మి.లీ.కి 60 చుక్కలు పడతాయి. చ = 60 అని రాస్తే పైన, కింద ఉన్న 60లు కొట్టుకుపోయి ప ÷ గ మిగులుతుంది. అంటే గంటకు ఎన్ని మి.లీ. వెళ్లాలో, నిమిషానికి అన్నే చుక్కలు. 4 గంటల్లో 120 మి.లీ. అంటే నిమిషానికి 30 చుక్కలు. కాగితం, కాలిక్యులేటర్ లేకుండానే లెక్క తేలింది. సమాసాన్ని సూక్ష్మీకరించడం వల్ల కలిగే లాభం ఇదే.

మి.లీ.కి 15 చుక్కలు పడే గొట్టానికి సమాసం ఎలా ఉంటుందో మీరే రాసి చూడండి. ప ÷ (4 × గ) వస్తే మీ లెక్క సరైనదే.