వేషం కట్టిన యంత్రం

మన పల్లెలలో పగటివేషాలు చూసినవారు ఆ కళాకారుల నేర్పును సులభంగా మరచిపోరు. సోమయాజులు, సోమిదేవమ్మల వేషం కట్టినప్పుడు పంచె, ఉత్తరీయం ధరించినంత మాత్రాన ఆట రక్తి కట్టదు. నడక కుదరాలి, మాట కుదరాలి, చివరకు దగ్గు సైతం కుదరాలి. ఎక్కడ పొల్లుపోయినా చూసేవారు పట్టేస్తారు. కంప్యూటర్ల చరిత్రలోనూ ఇటువంటి వేషధారణ ఒకటి ఉన్నది. స్వయంగా లెక్కించగల, నిర్ణయించగల వ్యక్తిగత కంప్యూటరు, ఆ శక్తి ఏదీ లేని టెర్మినల్ అనే పరికరంలా కొన్నేళ్ళపాటు నటించింది. ఆ నటన లేకుంటే అది ఆనాడు తన బల్లను దాటి బయటి లోకాన్ని చూడగలిగేది కాదు.

1960, 70 దశకాలలో కంప్యూటరు ఒక గదినంతా ఆక్రమించే యంత్రం. దానిని ఒక్కరే వాడుకొనడం దుర్వ్యయం కనుక, పదుల సంఖ్యలో మనుషులు ఏకకాలంలో పంచుకొనేవారు. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క టెర్మినల్ ఉండేది. మీట నొక్కితే ఆ అక్షరాన్ని తీగ ద్వారా పెద్ద కంప్యూటరుకు పంపడం, అక్కడి నుండి వచ్చిన అక్షరాన్ని మనకు చూపడం, ఇంతే దాని పని. 1963లో వెలువడిన టెలిటైప్ 33వ నమూనా సెకనుకు 10 అక్షరాల చొప్పున కాగితంపై ముద్రించేది. అదీ పెద్దబడి ఆంగ్లాక్షరాలలోనే. తరువాత కాగితం స్థానంలో గాజుతెర వచ్చింది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ విడుదల చేసిన వి.టి.100 వీటన్నింటిలోనూ ప్రసిద్ధమైనది. దాని తెరపై 24 వరుసలు, వరుసకు 80 గడులు. ఈ 80 ఎక్కడిదని అడిగితే, 1928 నాటి ఐ.బి.ఎమ్. రంధ్రాల కార్డులను చూపవలసి ఉంటుంది. యంత్రాలకూ వంశపారంపర్యంగా వచ్చే అలవాట్లుంటాయి కాబోలు!

గాజుతెరకు కాగితానికి లేని సౌకర్యం ఒకటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ రాయవచ్చు, చెరపవచ్చు. అందుకు పెద్ద కంప్యూటరు అక్షరాల నడుమ రహస్య సంజ్ఞలను పంపేది. అక్షరసంకేతాల పట్టికలో 27వది 'ఎస్కేప్'. దాని వెంట ఒక చదరపు కుండలీకరణ చిహ్నం, 10, అర్ధవిరామ చిహ్నం, 20, చివర పెద్దబడి హెచ్ అక్షరం వస్తే, 'కర్సరును 10వ వరుస, 20వ గడికి జరుపు' అని అర్థం. వాటిని తెరపై చూపకూడదు, పాటించాలి. మరొక సంజ్ఞ ద్వారా పెద్ద కంప్యూటరు 'నీవెవరు?' అని ప్రశ్నించేది కూడా. వి.టి.100 తన గుర్తింపును అంకెల రూపంలో తిరిగి పంపేది.

1977లో ఆపిల్-2, 1981 ఆగస్టులో ఐ.బి.ఎమ్. పి.సి. వచ్చాయి. పత్రం రాసుకొనడానికి, పద్దులు వేసుకొనడానికి అవి చాలు. కాని సంస్థ దస్త్రాలు, తోటివారి ఉత్తరాలు, పెద్ద గణనలు చేసే ప్రోగ్రాములు అన్నీ పెద్ద యంత్రంలోనే ఉన్నాయి. ఆ పెద్ద యంత్రానికి తెలిసినది టెర్మినల్ భాష ఒక్కటే. బల్లపై పి.సి. ఒకటి, టెర్మినల్ ఒకటి పక్కపక్కన పెట్టుకొనేటంత చోటు గాని, ధనం గాని అందరికీ ఉండదు. కాబట్టి పి.సి.యే టెర్మినల్ వేషం కట్టవలసి వచ్చింది.

వేషం కట్టడం తేలిక కాలేదు. తొలి ఆపిల్-2 తెరపై వరుసకు 40 అక్షరాలే పట్టేవి, చిన్నబడి అక్షరాలు అసలే లేవు. 80 గడుల కోసం విడిగా కార్డు కొని అమర్చుకొనవలసి వచ్చేది. ఐ.బి.ఎమ్. పి.సి.కి 80 గడులున్నా చిక్కు వేగంలో ఉండేది. తీగపై సెకనుకు 9600 బిట్ల వేగమంటే, సుమారు 960 అక్షరాలు. అంటే దాదాపు మిల్లీసెకనుకు ఒకటి. తెరను ఒక వరుస పైకి జరపాలంటే దాదాపు 4000 బైట్లను కదిలించాలి. ఆ పని ముగిసేలోగా వచ్చిన అక్షరాలను ఎవరు అందుకొంటారు? ఆనాటి పి.సి.లో తీగ చివరనున్న చిప్ ఒక్క అక్షరాన్ని మాత్రమే నిలిపి ఉంచగలిగేది. అది తీసుకొనేలోగా మరొకటి వస్తే మొదటిది నశించేది. అందువల్ల ప్రోగ్రాము రాసేవారు ప్రాసెసరు చేస్తున్న పనిని క్షణకాలం ఆపించి, వచ్చిన అక్షరాన్ని మెమరీలో ఒక వరుసలో దాచి, తీరిక చిక్కినప్పుడు తెరపై పెట్టే ఉపాయం పన్నారు.

దీనికంటే సున్నితమైనది ప్రవర్తన. 80వ గడిలో అక్షరం రాసిన వెంటనే వి.టి.100 కర్సరు తరువాతి వరుసకు దూకదు. మరొక అక్షరం వచ్చేవరకు అక్కడే వేచి ఉంటుంది. ఈ చిన్న విషయాన్ని గమనించని ప్రోగ్రాములలో తెర చివరి గడి నిండగానే మొత్తం రాత ఒక వరుస పైకి జరిగి, రూపమంతా చెడిపోయేది. పగటివేషగాని దగ్గు గురించి పైన చెప్పినది ఇందుకే.

ఈ ప్రోగ్రాములలో కెర్మిట్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పెద్ద కంప్యూటరు డిస్కుపై విద్యార్థులకు దొరికే చోటు చాలా స్వల్పం. తమ రచనలను ఫ్లాపీలలో దాచుకొని, కావలసినప్పుడు తిరిగి పంపుకొనే మార్గం కోసం 1981లో ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ కాచింగ్స్ ఒక పద్ధతిని రూపొందించారు. బొమ్మలాటలోని ఒక కప్ప పేరు దానికి పెట్టారు. కొన్ని పెద్ద యంత్రాలు రహస్య సంజ్ఞలను దారిలోనే మింగివేసేవి. కెర్మిట్ వాటిని మామూలు అక్షరాలుగా మార్చి దాటించేది. ముక్క ముక్కకూ లెక్క సరిచూసి, తప్పితే మళ్ళీ పంపేది. పి.సి.లపై వచ్చిన కెర్మిట్ టెర్మినల్ వేషాన్నీ కట్టేది. పి.సి. తెరపై 25 వరుసలుండటంతో, మిగిలిన ఆ ఒక్క వరుసలో తన సమాచారాన్ని చూపేది. వేషగాడు తన సొంత మాట చెప్పుకొనడానికి దొరికిన చోటు అదే.

ఇంటి నుండి టెలిఫోను తీగ మీద పనిచేసేవారికి ఓర్పు అవసరమయ్యేది. సెకనుకు 300 బిట్ల మోడెమ్ 30 అక్షరాలను తెస్తుంది. తెరలోని 1920 గడులూ నిండటానికి 64 సెకన్లు! మారిన గడులను మాత్రమే తిరిగి రాసే సంజ్ఞల విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఈ తెరలపై తెలుగు సంగతి ఏమిటి? సాధారణ టెర్మినల్ ఖాళీతో కలిపి 95 గుర్తులనే చూపగలిగేది. అందులో తెలుగు లేదు. అమెరికాలోని తెలుగు విద్యార్థులు 1990 ప్రాంతంలో మన మాటలను ఆంగ్లాక్షరాలతో రాసుకొన్నారు. రైస్ విశ్వవిద్యాలయం పేరు మోసిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో చిన్నబడి ఎల్ లకారానికి, పెద్దబడి ఎల్ ళకారానికి గుర్తు. ఇక్కడ సి-డాక్ సంస్థ భారతీయ లిపులను చూపే జిస్ట్ కార్డులను, టెర్మినళ్ళను తయారుచేసింది. గడికొక సంకేతమనే నియమం మన లిపికి సరిపడదు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలున్నాయి. వాటిని కూర్చి ఒకే రూపంగా చూపవలసిన భారం తెరపై పడింది.

1991లో ఫిన్లాండులోని హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, విశ్వవిద్యాలయ కంప్యూటరును తన పి.సి. నుండి అందుకొనడానికి సొంతంగా ఒక టెర్మినల్ ప్రోగ్రాము రాశాడు. మీటల నుండి మోడెమ్‌కు ఒక పని, మోడెమ్ నుండి తెరకు మరొక పని, రెండూ వంతులవారీగా సాగేవి. తెచ్చుకొన్న ఫైళ్ళను దాచుకొనడానికి డిస్కును నడిపే భాగాన్ని చేర్చాడు. అలా ఒక్కొక్కటీ చేరగా, వేషం కట్టడానికి పుట్టిన ఆ ప్రోగ్రాము లినక్స్ అనే నిర్వహణ వ్యవస్థగా ఎదిగింది. ఆ వ్యవస్థలో నేడు తెరిచే టెర్మినల్ కిటికీ వెనుక తీగ లేదు, మోడెమ్ లేదు, గది నిండిన యంత్రమూ లేదు. అయినా ఎస్కేప్ సంజ్ఞతో 'నీవెవరు?' అని అడిగి చూస్తే, తాను వి.టి. వంశానికి చెందినదాననే అది బదులిస్తుంది.