ముస్తఫాని కొనే ముందు వెనక తలుపు తీయించండి

నలభై దాటిన సాఫ్ట్‌వేర్ మనిషి, చేతిలో బోనస్ డబ్బులు, ఎదురుగా పాత వీడియో గేమ్ మిషన్. అమ్మేవాడికి ఇంతకంటే మంచి గిరాకీ తగలదు. గచ్చిబౌలి ఆఫీసులో కూర్చుని వెండర్ కొటేషన్‌లో ప్రతి అంకెనీ నిలదీసే పెద్దమనిషే, జాయ్‌స్టిక్ చేతికి తగలగానే ఏడో తరగతిలోకి వెళ్లిపోతాడు. హాల్లో నిలువెత్తు ఆర్కేడ్ మిషన్ పెట్టుకోవాలన్న ముచ్చట తప్పేమీ కాదు. తనిఖీ పని కూడా ఆ ముచ్చటకే అప్పజెబితే మాత్రం జేబుకి చిల్లు.

కాబట్టి మొదటి పరీక్ష మీకే. కావలసింది ఆటా, యంత్రమా? ఆదివారం పిల్లలతో కూర్చుని నాలుగు ఆటలు ఆడుకోవడమే కోరికైతే, కొత్త చెక్క డబ్బాలో ఎల్‌సీడీ తెర బిగించి, వందల గేములున్న చిన్న బోర్డు పెట్టి అమ్ముతున్నారు. అది కొనుక్కుని హాయిగా ఉండండి, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. లేదు, పిక్చర్ ట్యూబ్ వెలుగే కావాలి, అసలు కంపెనీ బోర్డే కావాలి అంటే పాత మిషన్ జోలికి వెళ్లండి. అప్పుడు ఆటతో పాటు తెగని రిపేరు పనిని కూడా ఇంటికి తెచ్చుకుంటున్నారని తెలిసి వెళ్లండి. "నేనూ ఇంజినీర్నే కదా, విప్పి చూసుకుంటాలే" అనేవాళ్లకి ఒకటే ప్రశ్న: మోజుపడి కొన్న ట్రెడ్‌మిల్ మీద ఇవాళ ఏ బట్టలు ఆరేశారు?

తర్వాత నోరు. అమ్మేవాడి ముందు చిన్ననాటి కథ విప్పకండి. 1993లో కాప్‌కామ్ తెచ్చిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ని మన వీధి పార్లర్లలో ఆ పేరుతో పిలిచినవాడు లేడు. అందులో పరిగెత్తుకొచ్చి తన్నే ముస్తఫా కైరో పుణ్యమా అని అది అందరికీ ముస్తఫాయే. ఆ పేరు మీ నోట ఆప్యాయంగా వచ్చిందా, రేటు అక్కడికక్కడే ఓ మెట్టు ఎక్కుతుంది. ఎంత పెట్టగలరో ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి. అందులో మూడో వంతు రిపేర్లకి తీసి పక్కన పెట్టండి. మిగిలిందే మీ రేటు. వెంట గేములంటే గిట్టని మనిషిని తీసుకెళ్లండి, బావమరిదైనా సరే. మీరు తెర వంక చూస్తూ మురిసిపోతుంటే "ఈ మూలేంటి ఇలా ఉబ్బింది?" అని అడిగేది వాళ్లే.

ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో బేరాలాడినవాళ్లకి ఇది కొత్త కాదు. "నడుస్తుందా?" అంటే "ఫస్ట్ క్లాస్ నడుస్తది సార్" అనే వస్తుంది. అది జవాబు కాదు, మర్యాద. ప్రశ్న మార్చండి. చివరిసారి ఎప్పుడు ఆన్ చేశారు? ఎవరు బాగుచేశారు? ఏం మార్చారు? ఎందుకు అమ్ముతున్నారు? అడిగాక మీరు మాట్లాడకండి. మౌనం ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి. ఆ ఇబ్బందిలోనే చాలా విషయాలు బయటపడతాయి.

బయల్దేరేటప్పుడు ఫోన్‌లో ఒక్క మాట చెప్పండి: "నేనొచ్చేదాకా ఆన్ చేయకండన్నా." వెళ్లగానే మిషన్ వెనక గాలి రంధ్రాల దగ్గర అరచెయ్యి ఆనించండి. వెచ్చగా తగిలిందంటే మీకంటే ముందే ఎవరో వేడెక్కించి పెట్టారన్నమాట. కెపాసిటర్లు ఎండిపోయిన మిషన్ చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, కాసేపు నడిచాక ఏమీ ఎరగనట్టు ఉంటుంది. సోల్డరింగ్ వదులైన మిషన్ దీనికి విరుద్ధంగా, బాగా నడిచి నడిచి వేడికి ఆగిపోతుంది. రెండూ దొరకాలంటే చల్లటి మిషన్‌ని మీ కళ్లెదుట ఆన్ చేయించి, గంటసేపు నడవనివ్వాలి. ఆ గంట చాలామంది నిలబడలేరు. పావుగంటకే పర్సు తీస్తారు. మీరు టీ తాగండి, మళ్లీ వచ్చి చూడండి, మిషన్‌ని మాత్రం ఆపనివ్వకండి.

ఆన్ చేయకముందే తెర మీద టార్చి వేయండి. 1980 నాటి పాక్-మాన్ మిషన్లలో ఆ చిట్టడవి గీతలు ఆఫ్ చేసి ఉన్నా కనిపిస్తుంటాయి. ఏళ్ల తరబడి ఒకే బొమ్మ నిలబడి లోపలి ఫాస్ఫర్ పూత కాలిపోతుంది, తుడిస్తే పోయేది కాదు. ఆన్ చేశాక బొమ్మ అంచులు వంకరపోయినా, వణికినా చాలాసార్లు అది కెపాసిటర్ల పనే. కోఠీ గుజరాతీ గల్లీలో తక్కువ డబ్బుకే దొరికే సామాను. బొమ్మ మసకబారి, బ్రైట్‌నెస్ ఎంత పెంచినా తేరుకోకపోతే ట్యూబ్ అరిగిపోయి ఉండొచ్చు. అది పెద్ద నష్టం, ఎందుకంటే ఈ ట్యూబులు ఇప్పుడు కొత్తగా తయారవడం లేదు. మొదటిదానికి రేటు తగ్గించమనండి. రెండోదానికి దండం పెట్టి వచ్చేయండి.

ఈ రెండింటికీ తేడా కచ్చితంగా చెప్పగలిగేది పాత టీవీ మెకానిక్. ఈసీఐఎల్ వాళ్లు ఈసీ టీవీలు తయారుచేసిన ఊరు మనది. పిక్చర్ ట్యూబ్ మీద చెయ్యి తిరిగిన పెద్దాయన ఒకరు మీకు ముందుగా దొరకాలి, మిషన్ ఆ తర్వాత. మెకానిక్ దొరకలేదంటే కొనొద్దు, ఈ విషయంలో నా మాట మారదు. యూట్యూబ్ చూసి మీరే లోపల చెయ్యి పెట్టేరు! కలర్ ట్యూబ్‌కి ఇరవై వేల వోల్టులు, ఆ పైన కూడా వెళ్లొచ్చు. ప్లగ్ పీకేశాక కూడా ఆ చార్జ్ లోపల నిలిచి ఉండొచ్చు.

ఇక వెనక తలుపు. తాళంచెవి పోయిందనో, టైం లేదనో అంటారు. నవ్వుతూనే పట్టుబట్టండి. మొహమాటానికి పోతే ఇక్కడే మునుగుతారు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 ఆడే అసలు కాప్‌కామ్ బోర్డు ఒక్క పలక కాదు, మూడు బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అరచేతిలో పట్టేంత బోర్డు కనిపించి, ఆన్ చేయగానే గేముల జాబితా వచ్చిందంటే పాత డబ్బాలో కొత్త సరుకు పెట్టారు. చిప్‌ల మీద పేర్లు గీకేసి ఉన్నాయా, నకిలీ అని అనుమానించండి. మన పార్లర్లలో నకిలీలు కొల్లలు. స్ట్రీట్ ఫైటర్ 2లో ర్యూ గాల్లోకి ఎగిరి హడోకెన్ మీద హడోకెన్ విసిరినట్టు మీకు గుర్తుంటే మీరు ఆడింది నకిలీ బోర్డు మీదే, కంపెనీవాళ్ల ఆటలో ర్యూకి ఆ విద్య లేదు. ఆ అల్లరే మీకు కావాలంటే కొనుక్కోండి, కానీ నకిలీ ధరకే.

అసలు బోర్డుకీ ఒక గండం ఉంది. 1993 నుంచి వచ్చిన కాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డుల్లో, ముస్తఫా ఒరిజినల్ సౌండ్ బోర్డులో చిన్న బ్యాటరీ ఉంటుంది. ప్రోగ్రామ్ తాళం తీసే కోడ్‌ని నిలబెట్టేది అదే. కాపీ కొట్టేవాళ్లని ఆపడానికి పెట్టిన ఏర్పాటు, చివరికి కొనుక్కున్నవాళ్ల మీదే పడింది. బ్యాటరీ చస్తే కోడ్ పోతుంది, బోర్డు మూగబోతుంది. బతికించే పద్ధతులు ఇప్పుడున్నాయి గానీ, బ్యాటరీ ఎప్పుడు మార్చారన్న ప్రశ్నకి తెల్లమొహం వేస్తే ఆ ఖర్చు మీ రేటులోంచి తీసేయండి.

మల్టీమీటర్ వెంట ఉంటే బోర్డు దగ్గర 5 వోల్టులు సరిగ్గా వస్తున్నాయో లేదో మెకానిక్‌తో చూపించండి. బాగా తగ్గితే ఆట మధ్యలో రీసెట్ అవుతుంది. 1985లో వచ్చిన జామా పద్ధతి వైరింగ్, అంటే 56 కాంటాక్టుల కనెక్టర్ ఉంటే మంచిదే, రేపు బోర్డు మార్చుకోవడం తేలిక. ఆ కనెక్టర్ కోసి వైర్లు నేరుగా అతికించి ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అమెరికా, జపాన్‌ల నుంచి వచ్చిన మిషన్‌ని నేరుగా మన 230 వోల్టులకి తగిలిస్తే పొగే, ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో చూసుకోండి. అన్నిటికంటే చవకైన పరీక్ష జేబులో పట్టే టెస్టర్‌ది. మిషన్ ఆన్‌లో ఉండగా కాయిన్ వేసే ఇనప తలుపుకి ఆనించండి. వెలిగిందా, ఎర్తింగ్ సరిచేసేదాకా పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకూడదు.

బటన్లు, జాయ్‌స్టిక్‌ల గురించి అంత బెంగ వద్దు, అన్నీ దొరుకుతాయి. స్ట్రీట్ ఫైటర్‌లో కింద వరస తన్నులు పడకపోతే బటన్లని తిట్టకండి. వాటికి వేరే కనెక్టర్ ఉంటుంది, అది ఊడి ఉండొచ్చు.

చెక్క మాత్రం చూడాల్సిందే. మోకాళ్ల మీద కూర్చుని అడుగు అంచుని బండి తాళంచెవితో నొక్కండి. పార్టికల్ బోర్డు నీళ్లు తాగి ఉంటే బిస్కెట్‌లా రాలుతుంది. సన్నటి మట్టి గీతలుంటే చెదలు. లోపల ఎలుక పెంటికలుంటే వైర్లు కొరికి ఉండొచ్చు. సెల్లార్‌లో నాలుగు వర్షాకాలాలు గడిపిన మిషన్‌కి పైన కొత్త స్టిక్కర్లు వేసి తళతళలాడిస్తారు. స్టిక్కర్ కొత్తది, అడుగు పాతది అయితే అడుగునే నమ్మండి.

కొలతలు తీసుకోండి. పెద్ద మిషన్ వంద కిలోలు దాటొచ్చు. మీ టవర్ సర్వీస్ లిఫ్ట్ తలుపు వెడల్పు, ఫ్లాట్ గుమ్మం వెడల్పు ఇంటి దగ్గరే కొలిచి రాసుకెళ్లండి. పదిహేనో అంతస్తు దాకా మెట్ల మీద మోయమంటే ట్రాలీ ఆటో అబ్బాయిలు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. బాల్కనీలో పెడదామన్న ఆలోచన ఇప్పుడే మానుకోండి, ఎండా జల్లూ రెండూ దానికి పడవు.

బేరానికి కూర్చున్నప్పుడు వస్తువుని తిట్టి రేటు తగ్గించాలనుకోకండి. ఇన్నేళ్లు దాచుకున్న మనిషికి రోషం వస్తుంది. "మిషన్ బాగుందన్నా. తెర అంచు వంకర, అడుగు చెక్క మార్చాలి, బ్యాటరీ సంగతి తెలీదు. ఇవి పోను నేనింతే పెట్టగలను" అని కాగితం మీదున్న అంకె చెప్పండి. ఒప్పుకోకపోతే ఫోన్ నంబర్ ఇచ్చి లేవండి. నిజంగానే లేవండి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూడకండి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి అడ్వాన్స్ పంపేవాళ్లు కనీసం వీడియో కాల్‌లో ఆఫ్ చేయించి, మళ్లీ ఆన్ చేయించి చూడండి. మొత్తం డబ్బు మిషన్ ఆటోలోకి ఎక్కాకే.

బేరం కుదిరితే, డబ్బు ఇచ్చే ముందు తాళంచెవులు అడగండి. వెనక తలుపుది ఒకటి, కాయిన్ పెట్టెది ఒకటి. లేవంటే ఆ రెండు తాళాల ఖర్చు కూడా తగ్గించమనండి, ఇస్తారు.