తరగతి గోడకి పేర్ల చెట్టు: ఎలా చేయాలి?

ఒకటో తరగతి గదిలో ఒకసారి మోకాళ్ల మీద నిలబడి చూడండి. ఆరేళ్ల పిల్లల కళ్లు నేలకి దాదాపు మూడున్నర అడుగుల ఎత్తున ఉంటాయి. అక్కణ్ణుంచి చూస్తే, మనం ముచ్చటపడి కొన్న చార్టులన్నీ ఫ్యాను ఎత్తులో వేలాడుతుంటాయి. అవి తనిఖీకి వచ్చేవారి కోసం కట్టినవి. పిల్లల కోసం కట్టాలంటే, చేయి తిరగనివారికి కూడా పేర్ల చెట్టు తేలిక.

ముందు గోడ సంగతి చూడండి. సున్నం వేసిన గోడకి టేపు నిలవదు. సాయంత్రం అంటిస్తే పొద్దుటికి పెచ్చుతో సహా ఊడొస్తుంది. అందుకని ఇంట్లోంచి పాత నూలు చీర ఒకటి తెచ్చుకోండి. లేత రంగుది, బుటాలు లేనిది కావాలి. చీర పన్నా సుమారు 45 అంగుళాలు. నేలకి అయిదడుగుల ఎత్తున రెండు మేకులు కొట్టి, పురికొస బిగించి కట్టి, బట్టల క్లిప్పులతో చీరని అడ్డంగా వేలాడదీస్తే కింది అంచు నేలకి 15 అంగుళాల పైన ఆగుతుంది. పిల్లల చూపు ఆనేది, చెయ్యి అందేది సరిగ్గా ఆ మేరలోనే. పొడవు సగం చాలు.

తర్వాత కాండం. పుస్తకాలకి అట్టలు వేసే బ్రౌన్ షీటును నలిపి మెలితిప్పితే బెరడులా ముడతలు పడుతుంది. దాన్ని టాకాలు వేసి చీరకి కుట్టండి. గుండుసూదులు వద్దు, జిగురూ వద్దు. చీర మళ్లీ ఉతకాలి కదా! కొమ్మలు ఏడెనిమిది చాలు.

ఆకుల దగ్గర మాత్రం తొందరపడకండి. ఆ పని పిల్లలది. జామ, మందార, రావి, ఏది దొరికితే అది ఏరుకురమ్మనండి. ఆకు వెనకవైపు ఈనెలు ఉబ్బి ఉంటాయి. ఆ వైపే రంగు పూసి, పాత ప్రశ్నపత్రాల వెనక అద్దించండి. మొదటి ఒకటి రెండు అచ్చులు ముద్దగా వస్తే రంగు ఎక్కువైందన్నమాట. రంగు కొననక్కర్లేదు, పసుపు చిక్కగా కలిపితే చాలు. ఇంకో గిన్నెలో పసుపుకి చిటికెడు సున్నం తగిలిస్తే పారాణిలా ఎర్రబడుతుంది. అది మీరే కలపండి, సున్నం పిల్లల చేతికివ్వకండి. అచ్చులు ఆరాక కత్తిరించి ఒక్కోదాని మీద ఒక్కో పేరు పెన్సిలుతో రాసివ్వండి. పిల్లలు స్కెచ్ పెన్నుతో దిద్దుతారు.

ఇక కొమ్మకో అక్షరం. రమ్య, రాజు, రిషి ఒకే కొమ్మ మీదికి వస్తారు. ఎవరి చోటు ఎక్కడో వాళ్లనే తేల్చుకోనివ్వండి. శ్రావణి లాంటి పేరున్న పిల్ల "నాది శ కొమ్మా, ర కొమ్మా?" అని తప్పకుండా అడుగుతుంది. పుస్తకంలో ఒత్తులు వచ్చేదాకా ఆగమనకండి. శ కొమ్మకే కుట్టి, క్రావడి చూపించండి. తన పేరులోది కాబట్టి మళ్లీ చెప్పే పని ఉండదు. అంగన్‌వాడీ పిల్లలకైతే పురికొసని ఒక అడుగు దించి, పేరు పక్కన వాళ్ల వేలిముద్ర వేయించండి.

అక్కడితో ఆగండి. బోర్డు ఉన్న గోడ జోలికి అసలు పోకండి. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకి గోడలు నిండిన గదిలో కొన్ని పాఠాలు, బోసి గోడల గదిలో కొన్ని పాఠాలు చెప్పించి చూశారు. నిండిన గదిలో పిల్లల ధ్యాస ఎక్కువ చెదిరింది, నేర్చుకున్నది తగ్గింది. ఆ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి.

ఎండ తగిలితే పసుపు అచ్చులు వెలిసిపోతాయి. దసరా సెలవులకి ముందు చీర దించి, ఎవరి ఆకు వాళ్లకిచ్చి ఇంటికి పంపండి. తిరిగొచ్చాక ఆ చీర మీద ఏం కట్టాలో వాళ్లనే అడగండి.