గనులు కాకుండా జియాలజీలో ఇంకో దారి

ప్రశ్న: ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. గనుల్లోకి వెళ్లాలని లేదు. కలుషిత స్థలాలను శుభ్రం చేసే పనిలో ఉపాధి ఉంటుందా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఉంటుంది. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025లో ప్రత్యేక నిబంధనలే తెచ్చింది.

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరునే చూడండి. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి, భూగర్భ జలాలూ చెడ్డాయి. ఇలాంటి చోట జియాలజిస్టు ముందుగా బోర్లు వేయించి, మట్టి, నీటి నమూనాలు తీసి, విషం ఎటు కదులుతోందో పటం గీస్తారు. మట్టి తవ్వేయాలా, నీరు తోడి శుద్ధి చేయాలా అన్నది తర్వాతి మాట. గ్రానైట్ నేలలో నీరు రాతి పగుళ్లలో నడుస్తుంది కాబట్టి పక్కపక్క బోర్లలోనే వేర్వేరు ఫలితాలు రావచ్చు. అసలు కష్టం అక్కడే!

హైడ్రోజియాలజీ, జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ), కాస్త రసాయనశాస్త్రం నేర్చుకోండి. వీలైతే ప్రాజెక్టు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో చేయండి. అయితే కలుషిత స్థలాల్లో ఫీల్డు పని ఎండలో, మాస్కుతో చేయాల్సి ఉంటుంది.

కాబట్టి ఆస్తమా, చర్మ అలర్జీ ఉంటే ఫీల్డుకు వెళ్లేముందే డాక్టరును కలవండి. కోర్సు ఎంపిక తేలకపోతే మీ విభాగంలో భూగర్భ జలాలపై పనిచేసే ప్రొఫెసరుతో నేరుగా మాట్లాడండి.