షల్, మే: వలెను, వచ్చును

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు ఉత్తరువులలోను, చట్టముల ప్రతులలోను ఆంగ్లము నేటికిని కనబడుచునే యున్నది. ఆ భాష యంతయు నేర్చిన గాని పని సాగదని సభ్యులు వెనుదీయ నక్కరలేదు. ముందుగా రెండు చిన్న సహాయక్రియలను గుర్తించిన చాలును. అవి ‘షల్’, ‘మే’.

చట్టములలో ‘షల్’ విధిని తెలుపును. ‘మే’ అనుమతిని గాని, జరుగుటకు వీలున్నదని గాని తెలుపును. వీనికి సరియైన మాటలు మన తెలుగులోనే కలవు. ‘ద సర్పంచ్ షల్ కాల్ ఎ మీటింగ్’ అనగా సర్పంచి సమావేశమును పిలువవలెను. ‘ద సర్పంచ్ మే కాల్ ఎ మీటింగ్’ అనగా పిలువవచ్చును. మొదటి చోట పిలువకుండుట తప్పు. రెండవ చోట పిలుచుటయు, మానుటయు సర్పంచి విచక్షణకు విడువబడినది. ‘షల్ నాట్’ అని యున్నచో ఆ పని చేయరాదు.

నందికొండ వద్ద 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమును మనమందర మెరుగుదుము. దాని ఎడమ కాలువ క్రింది గ్రామమునకు ‘వాటర్ మే బి రిలీజ్డ్’ అని యొక కాగితము వచ్చినదనుకొనుడు. చదివినవారు ‘నీరు వదలుదురు’ అని దండోరా వేయించినచో రైతులు నారు పోసికొందురు. కాగితములో నున్నది ‘వదలవచ్చును’ అని మాత్రమే. జలాశయములో నీరు చాలక విడుదల ఆగినచో నారు ఎండును. విత్తనమును, కూలియు నష్టమగును. కావున దండోరాకు ముందే నీటిపారుదల అధికారిని తేదీ యడిగి వ్రాయించుకొనవలెను.

రాజ్యాంగములోను ఈ భేదమే కలదు. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. అందలి 243ఇ అధికరణము పంచాయతీ కాలపరిమితి ఐదేండ్లనియు, గడువు ముగియకముందే ఎన్నిక పూర్తి కావలెననియు ‘షల్’తో చెప్పుచున్నది. స్త్రీలకు కనీసము మూడవవంతు స్థానములు కేటాయించు 243డి యందును ‘షల్’ కలదు. కాని పంచాయతీలకు అధికారము లొసగు 243జి, పన్నులను గూర్చిన 243హెచ్ ‘మే’తో నడచుచున్నవి. అనగా రాష్ట్ర శాసనసభ వానిని ఈయవచ్చును. కనుకనే పంచాయతీల అధికారములు రాష్ట్రమున కొక తీరున నున్నవి. ఎన్నికకు రాజ్యాంగమే హామీ. అధికారములకు మాత్రము మన రాష్ట్ర చట్టమును చదువుకొనవలెను.

ఒక జాగ్రత్త. ‘షల్’ ఉన్నంతనే ప్రతి లోపమును ఆ చర్యను రద్దు చేయదు. ప్రభుత్వోద్యోగులపై చర్యల విషయమున పబ్లిక్ సర్వీసు కమీషనును సంప్రదింపవలెనని 320వ అధికరణము ‘షల్’తో చెప్పుచున్నను, సంప్రదింపనంత మాత్రమున ఆ చర్య చెల్లకపోదని సుప్రీంకోర్టు 1957లో తీర్పు చెప్పినది. చట్టము యొక్క ఉద్దేశమును చూచి న్యాయస్థానము నిర్ణయించును. సందేహమున్నచో పై అధికారిని వ్రాతమూలకముగా అడుగుట మేలు.

ఇకమీదట ఆంగ్ల కాగితము వచ్చినపుడు ‘షల్’, ‘మే’ ఉన్నచోట్ల గీత గీయుడు. గ్రామసభలో చదువునపుడు ‘వలెను’, ‘వచ్చును’ అని స్పష్టముగా పలుకుడు. తీర్మానముల పుస్తకములోను అట్లే వ్రాయించుడు. అప్పుడు తాము చేయవలసినదేదియో, తాము అడుగదగినదేదియో గ్రామస్థులందరికిని తెలియును.